ఆటగాళ్లకు గృహహింస, లైంగిక దాడుల మీద క్లాసులెందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ లీగ్, 32 జట్లు. అందులో ఆడేవాళ్లే కాదు, కోచ్‌లూ ఆఫీసు స్టాఫూ కూడా ఏటా ఒక క్లాసులో కూర్చోవాలి. ఇంట్లో భార్య మీద చెయ్యి చేసుకోవడం గురించి, ఇష్టం లేని ఆడమనిషిని ముట్టుకోవడం గురించి ఆ క్లాసు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగుల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ఈ మాట ఎత్తగానే మనవాళ్లు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, “కోట్లు సంపాదించేవాడికి ఈ నీతిపాఠాలేంటి” దగ్గర్నుంచి “మరి మన క్రికెట్ సంగతో” వరకు. అమెరికా ఫుట్‌బాల్ గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే అందరికంటే ఎక్కువ తప్పులు చేసి, అవి బయటపడి, దిద్దుకోవాల్సి వచ్చింది వాళ్లకే. మన దగ్గరి సంగతి కింద ఉంది, తొందరైతే అక్కడికే వెళ్లండి.

ఇదంతా ఎక్కడ మొదలైంది?

ఒక లిఫ్టులో. 2014 ఫిబ్రవరి 15న అట్లాంటిక్ సిటీలోని రెవెల్ క్యాసినో లిఫ్టులో బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు రే రైస్ తనకు కాబోయే భార్యను కొట్టాడు. నాలుగు రోజుల్లో టీఎంజెడ్ అనే వెబ్‌సైట్ ఒక వీడియో బయటపెట్టింది. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది, స్పృహలో లేని మనిషిని అతను బయటికి ఈడుస్తుంటాడు, అంతే, లోపల జరిగింది అందులో లేదు. మార్చిలో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే మామూలు పౌరుల బృందం) అభియోగం మోపింది, ఆ మర్నాడే ఇద్దరికీ పెళ్లయింది. మేలో కోర్టు అతన్ని జైలుకు పంపకుండా ఒక కౌన్సెలింగ్ కార్యక్రమంలో పెట్టింది. అదే నెలలో జట్టు ఒక ప్రెస్‌మీట్ పెట్టి భార్యాభర్తలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది, పైగా ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు ఆమె ఎంతో చింతిస్తోందని జట్టు అధికారిక ఖాతాలో ట్వీట్ వేసింది. దెబ్బ తిన్న మనిషి చేత క్షమాపణ లాంటిది చెప్పించారన్నమాట. ఆ ట్వీట్ తర్వాత తీసేశారు.

జులై 24న లీగ్ కమిషనర్ రోజర్ గూడెల్ రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశాడు. అదే వేసవిలో క్లీవ్‌లాండ్ జట్టు ఆటగాడు జోష్ గోర్డన్‌కి గంజాయి పరీక్షలో దొరికినందుకు ఏడాది నిషేధం పడింది (తర్వాత దాన్ని 10 మ్యాచ్‌లకు తగ్గించారు). ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి జనం ఏకిపారేశారు. ఆగస్టు 28న గూడెల్ జట్ల యజమానులకు ఉత్తరం రాసి, తన నిర్ణయం సరిగ్గా లేదని ఒప్పుకున్నాడు. ఇకమీదట మొదటిసారికి ఆరు మ్యాచ్‌లు, రెండోసారి చేస్తే నిషేధం, అందరికీ తప్పనిసరిగా క్లాసులు అన్నాడు. సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో వచ్చింది. ఆ రోజే జట్టు అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. స్పృహ తప్పిన ఆడమనిషిని ఈడ్చుకెళ్తున్న వీడియో ఫిబ్రవరి నుంచే అందరి ఫోన్లలో ఉంది. లోపల ఏం జరిగి ఉంటుందని అనుకున్నారు మరి? రెండో వీడియోలో కొత్త సమాచారమేం లేదు. చూడక తప్పని పరిస్థితి వచ్చింది, అంతే.

అంతకుముందు ఇలాంటి క్లాసులే లేవా?

ఉన్నాయి. 1993లో బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ అనే ఆయన, సహచరులతో కలిసి మెంటర్స్ ఇన్ వయొలెన్స్ ప్రివెన్షన్ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు, 1998లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు దాన్ని తీసుకుంది. అంటే 2014కి పదహారేళ్ల ముందే ఒక జట్టులో ఈ పాఠం ఉంది. తక్కిన జట్లకు అవసరం కనపడలేదు. క్లాసులు లేక జరిగిన గొడవ కాదిది.

సరే, క్లాసులో ఏం చెప్తారు?

“ఆడవాళ్లను గౌరవించండి” అని గంటసేపు చెప్తారనుకుంటే పొరపాటు. అలా చెప్పేవాళ్లూ ఉన్నారు, అవి దండగ క్లాసులు. బాగా నడిచే క్లాసులో సందర్భాలిస్తారు. కాట్జ్ పద్ధతి అదే. ఒక పార్టీలో నీ టీంమేట్ తన గర్ల్‌ఫ్రెండ్ చెయ్యి పట్టుకుని గుంజుతున్నాడు, ఆమె వదలమంటోంది, చుట్టూ పదిమంది ఉన్నారు. నీ బుర్రలో ఏం తిరుగుతుంది? వాళ్ల గొడవ మనకెందుకులే అనా? నేను వెళ్తే నా మీద పడతాడేమో అనా? రేపు డ్రెస్సింగ్ రూమ్‌లో నాతో మాట్లాడరేమో అనా? వీటన్నిటినీ గట్టిగా పైకి చెప్పిస్తారు. తర్వాత నువ్వు ఏమేం చేయగలవో వరసగా అడుగుతారు. మధ్యలో దూరి కొట్లాడటం ఒక్కటే దారి కాదు కదా. వాణ్ణి “ఇటు రా ఓసారి” అని పక్కకు పిలవచ్చు, ఆమె ఫ్రెండ్‌ని పంపచ్చు, ఇంకో ఇద్దర్ని తోడు తీసుకెళ్లచ్చు, అప్పుడు కుదరకపోతే మర్నాడు వాడితో మాట్లాడచ్చు, కోచ్‌కి చెప్పచ్చు, పోలీసుల్ని పిలవచ్చు.

ఈ పద్ధతిలో తెలివి ఒకటుంది. గదిలో ఉన్న యాభైమందినీ “మీలో కొట్టేవాడెవడు” అన్నట్టు చూస్తే అందరూ చేతులు కట్టుకుని గోడలవైపు చూస్తారు. “మీలో చూసి ఊరుకున్నవాళ్లెవరు” అని అడిగితే మాత్రం నిజాయితీ ఉన్నవాడెవడైనా ఏదో ఒకటి గుర్తు తెచ్చుకుంటాడు.

దీనితోపాటు లీగ్ నియమాలు, ఫిర్యాదు వస్తే ఏమవుతుంది, సమ్మతి అంటే ఏమిటి, తాగి ఒళ్లు తెలియని మనిషి “సరే” అన్నా అది సమ్మతి ఎందుకు కాదు, ఇవన్నీ ఉంటాయి. కొట్టడం ఒక్కటే హింస కాదని కూడా చెప్తారు. ఫోన్ లాక్కోవడం, డబ్బు చేతికివ్వకపోవడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, ఎక్కడున్నావని నిమిషానికోసారి ఫోటో పెట్టమనడం, అన్నీ అందులోకే వస్తాయి.

మగవాళ్లందర్నీ దోషుల్లా చూడటం కాదా ఇది?

ఎ కాల్ టు మెన్ అనే సంస్థ నడిపే టోనీ పోర్టర్ చాలా లీగుల్లో పాఠాలు చెప్పాడు. ఆయన చెప్పే సంగతి ఒకటి. ఫుట్‌బాల్ ఆడే ఒక పన్నెండేళ్ల పిల్లాణ్ణి, నువ్వు ఆడపిల్లలా ఆడుతున్నావని కోచ్ అందరి ముందూ అంటే ఎలా ఉంటుందని అడిగాడట. కోపమొస్తుందనో బాధేస్తుందనో అంటాడనుకుంటే, ఆ పిల్లాడు నేను నాశనమైపోతానన్నాడట. ఆడపిల్ల అనిపించుకోవడమే అంత ఘోరమైతే ఆడపిల్లల గురించి వాడికి మనం నేర్పుతున్నదేమిటి అన్నది పోర్టర్ ప్రశ్న.

మన గ్రౌండ్లలో క్యాచ్ వదిలేసిన కుర్రాణ్ణి “గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చోరా” అనడం మీరు వినలేదా? నేనైతే ఏ ఊళ్లో మ్యాచ్ చూసినా విన్నాను. అన్న పెద్దమనిషి చెడ్డవాడని కాదు, ఆ మాటకు బరువుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

గంట లెక్చర్ వింటే మనిషి మారిపోతాడా?

మారడు. ఏడాదికోసారి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, స్లైడ్లు తిప్పి, సంతకాలు తీసుకుని పంపే క్లాసు వల్ల లాభం లీగు లాయర్లకే. రేపు కేసు వస్తే “మేం చెప్పాం కదా” అనడానికి పనికొస్తుంది.

ఫలితం కనిపించింది వేరే తరహాలో. కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్ అనే కార్యక్రమంలో బయటినుంచి లెక్చరర్ ఎవరూ రాడు, జట్టు కోచే చెప్తాడు, సీజన్ పొడుగునా వారానికోసారి పది పదిహేను నిమిషాలు. చేతిలో కార్డులుంటాయి, వారానికో విషయం. ఒక వారం మనం వాడే మాటలు, ఒక వారం కోపం, ఒక వారం సమ్మతి. పిల్లల డాక్టరూ పరిశోధకురాలూ అయిన ఎలిజబెత్ మిల్లర్ బృందం కాలిఫోర్నియాలోని శాక్రమెంటో ప్రాంతంలో 16 హైస్కూళ్లలో, దాదాపు 2,000 మంది కుర్రాళ్ల మీద దీన్ని పరీక్షించింది. సీజన్ అయ్యేసరికి తప్పు జరుగుతుంటే అడ్డుపడేవాళ్లు పెరిగారు, ఏడాది తర్వాత చూస్తే కార్డుల పాఠం విన్న జట్లలో గర్ల్‌ఫ్రెండ్స్‌ని వేధించడం వినని జట్లకంటే తక్కువగా ఉంది. మహాద్భుతమేం కాదు. కానీ పది నిమిషాల మాటలకు అది మంచి ఫలితమే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కుర్రాడు వినేది కోచ్ మాట. జట్టులో ఉంచేదీ తీసేదీ ఆయనే కదా. అయితే ఇందులోనే మెలిక కూడా ఉంది, అదే కోచ్ కార్డు చదివిన పది నిమిషాలకు బూతులు లంకించుకుంటే కార్డు కంటే బూతే గుర్తుంటుంది. ఇంకోటి, ఇది ఫలించింది హైస్కూలు పిల్లల్లో. పాతికేళ్లొచ్చి, కాంట్రాక్టు చేతిలో పడ్డాక ఇదే పాఠం ఎంత ఎక్కుతుందంటే, నాకైతే అనుమానమే. పెద్ద లీగులు తమ డబ్బు కింది స్థాయిలో ఎక్కువ ఖర్చు పెట్టాలన్నది నా అభిప్రాయం.

ఆటగాళ్లు మామూలు మగవాళ్లకంటే ఎక్కువ కొడతారా?

అలా అనలేం. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల అరెస్టుల రేటు అదే వయసు మగవాళ్లందరితో పోలిస్తే తక్కువే అని 2014లో లెక్కలు కట్టినవాళ్లు తేల్చారు. కాకపోతే వాళ్ల మీద ఉన్న కేసుల్లో గృహహింస వాటా పెద్దది, పైగా అంత డబ్బున్న కుటుంబాలతో పోలిస్తే ఆ రేటు ఎక్కువేనని కూడా వాళ్లే చెప్పారు. అరెస్టు కానివి ఈ లెక్కలోకి రావని వేరే చెప్పక్కర్లేదు.

భర్త కోటీశ్వరుడు, ఆమె వెళ్లిపోవచ్చు కదా? ఎందుకు బయటికి చెప్పదు?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమందికి అర్థం కానిదీ ఇదే.

డబ్బు ఎవరి పేరున ఉందో ముందు చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆట జీవితం సగటున మూడు నాలుగేళ్లు, చాలా కాంట్రాక్టుల్లో మొత్తం సొమ్ముకి గ్యారంటీ ఉండదు, జట్టు వద్దనుకున్న రోజు ఆగిపోతుంది. ఆమె తన ఉద్యోగం మానేసి జట్టు మారినప్పుడల్లా ఊరు మారింది. స్నేహితులంటే తోటి ఆటగాళ్ల భార్యలే. నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది, పిల్లల ఖర్చు పోతుంది, ఊళ్లో అభిమానులంతా “మా జట్టు కప్పు పోగొట్టింది నువ్వే” అంటారు. ఫోన్ చేస్తే వచ్చేది ఎవరు? క్లబ్బు సెక్యూరిటీ. అందులో మాజీ పోలీసులుంటారు, వాళ్ల జీతం ఇచ్చేది క్లబ్బే.

జోష్ బ్రౌన్ ఉదంతం చూడండి, ఇది 2014 కొత్త నియమాల తర్వాతి మాట. న్యూయార్క్ జెయింట్స్ జట్టులో కిక్కర్ (బంతిని తన్నే ఆటగాడు) అతను, 2015 మేలో భార్య ఫిర్యాదుతో అరెస్టయ్యాడు. 2016 జనవరిలో హవాయిలో ప్రో బౌల్ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు తాగి భార్యాపిల్లలున్న హోటల్ గది తలుపు బాదితే, లీగ్ సెక్యూరిటీయే వాళ్లను వేరే గదికి మార్చింది. అంటే లీగుకి తెలుసు. అయినా ఆగస్టులో వేసింది ఒక్క మ్యాచ్ సస్పెన్షన్. ఆరు మ్యాచ్‌ల రూలు ఏమైందో! అక్టోబర్‌లో పోలీసు కాగితాలు బయటికొచ్చాయి, భార్యను హింసించానని అతను స్వయంగా రాసుకున్న పేజీలు అందులో ఉన్నాయి. అప్పుడు జట్టు యజమానుల్లో ఒకరైన జాన్ మారా రేడియోలో, హింసించినట్టు అతను మాకు ఒప్పుకున్నాడు, ఎంతవరకు అన్నదే తెలియలేదు అన్న అర్థంలో మాట్లాడాడు. కొద్దిరోజుల్లో జట్టు అతన్ని వదిలించుకుంది.

ఆ జట్టులోనూ అందరూ క్లాసులకు కూర్చునే ఉంటారు. క్లాసు చెప్పే సంస్థే, విషయం తెలిశాక హోటల్ గది మార్చి ఊరుకుంటే, ఆ క్లాసు విన్నవాడికి అసలు పాఠం ఏం అందినట్టు?

అయితే శిక్ష ఇంకా కఠినం చేయాలా? ఒక్కసారి కొడితే జీవితకాల నిషేధం?

వినడానికి బాగుంటుంది. గృహహింస బాధితులతో పనిచేసేవాళ్లే దీనికి జంకుతారు, ఎందుకంటే శిక్ష ఎంత పెద్దదైతే ఫోన్ చేయడానికి ఆమెకు అంత భయం, “నా కెరీర్ నాశనం చేస్తావా” అనే బెదిరింపుకి అంత బలం. నా దృష్టిలో శిక్ష పరిమాణం కంటే అది తప్పకుండా పడుతుందన్న నమ్మకం ముఖ్యం, దానితోపాటు ఆమెకు ఇల్లు, వైద్యం, లాయరు, కొన్నాళ్లు డబ్బు అందే ఏర్పాటు జట్టుతో సంబంధం లేని చోటినుంచి ఉండాలి.

కోర్టులో కేసే నిలవకపోతే లీగ్ ఎలా శిక్షిస్తుంది?

కోర్టు తేల్చేది జైలుకు పంపాలా వద్దా అని. లీగ్ తేల్చేది మా జెర్సీ వేసుకుని ఆడాలా వద్దా అని. రెండిటికీ కావాల్సిన రుజువు స్థాయి వేరు. మన ఆఫీసుల్లోనూ పోలీసు కేసు ఉన్నా లేకున్నా శాఖాపరమైన విచారణ జరుగుతుంది, అలాంటిదే ఇది.

బేస్‌బాల్ దీన్ని కొంచెం తీరుగా రాసుకుంది. 2015 ఆగస్టులో లీగూ ఆటగాళ్ల యూనియనూ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఆరోపణ వస్తే విచారణ కోసం కొన్నాళ్లు జీతంతో సెలవులో పెడతారు, శిక్షకు ఇంత తక్కువ ఇంత ఎక్కువ అని గీత లేదు, కోర్టు శిక్ష పడాలనీ లేదు, నిపుణుల బోర్డు ఒకటి చికిత్స సంగతి చూస్తుంది. లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్లు చాలామంది కాబట్టి పాఠాలు స్పానిష్‌లో కూడా చెప్తారు. మొదటి సస్పెన్షన్ 2016లో అరోల్డిస్ చాప్‌మన్‌ది, పోలీసు కేసు లేకుండానే 30 మ్యాచ్‌లు. ట్రెవర్ బావర్‌కి 2022లో 324 మ్యాచ్‌లు వేస్తే మధ్యవర్తి 194కి తగ్గించాడు, అతని మీద కూడా క్రిమినల్ కేసు పెట్టలేదు, అతను ఆరోపణల్ని ఒప్పుకోలేదు.

అయితే చాప్‌మన్ కథలో ఒక చేదు సంగతుంది. ఆరోపణ రాగానే ఒక జట్టు అతన్ని తీసుకునే బేరం ఆగిపోయింది, ధర పడిపోయింది, న్యూయార్క్ యాంకీస్ చవగ్గా పట్టేశారు, నెలల తర్వాత మంచి బేరానికి షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు, ఆ ఏడాదే కబ్స్ కప్పు కొట్టారు. లీగ్ ఒకవైపు పాఠాలు చెప్తుంటే క్లబ్బులకు అదొక డిస్కౌంట్ సేల్ అయింది.

ఫుట్‌బాల్ ఆటగాడు డెషాన్ వాట్సన్ సంగతీ అంతే. లైంగికంగా వేధించాడని ఇరవైమందికి పైగా మసాజ్ థెరపిస్టులు దావాలు వేశారు, గ్రాండ్ జ్యూరీలు అభియోగం మోపలేదు, అతను తప్పు చేయలేదనే అన్నాడు. ఆ దావాలు నడుస్తుండగానే 2022లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 23 కోట్ల డాలర్లు గ్యారంటీగా రాసిచ్చారు. విచారించిన మాజీ జడ్జి స్యూ రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లు వేస్తే, లీగ్ అప్పీలుకెళ్లాక 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా, చికిత్స దగ్గర రాజీ కుదిరింది.

అబద్ధపు ఆరోపణలైతే?

ఉంటాయి. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లక్రాస్ (వల కట్టిన కర్రలతో బంతి ఆడే ఆట) జట్టు కుర్రాళ్లు ముగ్గురి మీద అత్యాచారం కేసు పెట్టారు, ఏడాది తర్వాత నార్త్ కరోలినా అటార్నీ జనరల్ వాళ్లు నిర్దోషులని ప్రకటించాడు, కేసు నడిపిన ప్రాసిక్యూటర్ లాయరు లైసెన్సే పోయింది. ఈలోపు ఆ కుర్రాళ్లను ఊరూవాడా దోషులని తేల్చేసింది. అందుకే జీతంతో సెలవు, బయటివాళ్ల విచారణ, అప్పీలు అవకాశం ఉండాలనేది. ఇవి ఇద్దరినీ కాపాడతాయి. కానీ ఈ ఒక్క కేసును అడ్డం పెట్టుకుని ప్రతి ఆడమనిషి నోరూ మూయించాలని చూసేవాళ్లతో నాకు వాదన లేదు, ఓపిక కూడా లేదు.

ఆడ ఆటగాళ్లకు ఈ క్లాసులు అవసరమా?

అవసరమే, రెండు వైపులా. 2015లో మహిళా బాస్కెట్‌బాల్ లీగ్ బ్రిట్నీ గ్రైనర్‌కీ అప్పట్లో ఆమె భాగస్వామి అయిన ఆటగత్తెకీ ఇంట్లో కొట్టుకున్నందుకు చెరో ఏడు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసింది. ఇక జట్టులోనే వేధింపులకు గురయ్యేవాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు. జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ వందలమంది అమ్మాయిల్ని చికిత్స పేరుతో ఏళ్ల తరబడి వేధించాడు, చెప్పినవాళ్లున్నారు, విన్నవాళ్లు లేరు. ఆ తర్వాతే 2018లో అమెరికాలో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది, పిల్లల మీద వేధింపు అనుమానం వస్తే పెద్దవాళ్లు 24 గంటల్లో ఫిర్యాదు చేయాలి. మహిళల సాకర్ లీగులో కోచ్‌ల వేధింపులపై సాలీ యేట్స్ 2022లో ఇచ్చిన నివేదిక కూడా అదే చెప్పింది: ఫిర్యాదులు ముందే వచ్చాయి, ఆ కోచ్‌లు వేరే జట్లలో మళ్లీ ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

ఆస్ట్రేలియాలో బాగా చేస్తారంటారు, నిజమేనా?

ముందు మొదలుపెట్టారు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఏఎఫ్‌ఎల్ 2005లోనే ఒక విధానం తెచ్చింది. రగ్బీ లీగ్ వాళ్లు 2019లో ఇంకో మెట్టెక్కారు: 11 ఏళ్లు, అంతకుమించి జైలు పడే నేరం మోపితే విచారణ పూర్తయ్యేదాకా ఆటగాడు జీతం తీసుకుంటూ పక్కన కూర్చోవాల్సిందే, తప్పు చేశాడని దానర్థం కాదు. కనీసం ఎవరికి ఎంత అన్న బేరసారాలు తప్పాయి.

రే రైస్ ఇప్పుడేం చేస్తున్నాడు?

2014 నవంబర్‌లో మాజీ ఫెడరల్ జడ్జి బార్బరా జోన్స్ అతని సస్పెన్షన్ కొట్టేసింది. అతను మొదటే లీగుకి అబద్ధం చెప్పలేదు, ఒకే తప్పుకి రెండుసార్లు శిక్షించారు అని. అయినా ఏ జట్టూ తీసుకోలేదు, మళ్లీ ఒక్క మ్యాచ్ ఆడలేదు. తర్వాత కాలేజీల్లో, జట్ల దగ్గర తన సంగతే చెప్తూ కుర్రాళ్లతో మాట్లాడుతున్నాడు. 2023 డిసెంబర్‌లో రేవెన్స్ స్టేడియంలో సన్మానం కూడా చేశారు. కొట్టినవాడే వచ్చి పాఠం చెప్పొచ్చా అంటే, చెప్పొచ్చనే నేనంటాను, పారితోషికం, చప్పట్లు లేకుండా అయితే. సన్మానం మాత్రం నాకు ఎక్కువ అనిపించింది.

ఇక మన దగ్గర?

చట్టం ఉంది. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో “పనిచేసే చోటు” అంటే ఏమిటో చెప్తూ క్రీడా సంస్థలు, స్టేడియాలు, ట్రైనింగ్ చోట్లు, పోటీల వేదికలు అన్నిటినీ పేరుపెట్టి చేర్చారు. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళే అధ్యక్షురాలు, సగం మంది మహిళలు, బయటి సంస్థనుంచి ఒకరు. అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కూడా ఆ చట్టమే చెప్తుంది.

అమలు సంగతి 2023లో తేలింది. జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా జంతర్ మంతర్ దగ్గర కూర్చుంటే గానీ, రెజ్లింగ్ సమాఖ్యలో సరైన కమిటీయే లేదన్న సంగతి దేశానికి తెలియలేదు. ఆ మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్, ఇలాంటి కమిటీలు సరిగా లేవన్న వార్తల మీద పదిహేనుకు పైగా సమాఖ్యలకు నోటీసులిచ్చింది. అప్పటి సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ తన మీద వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణల్ని కొట్టిపారేశారు, సుప్రీంకోర్టు దాకా వెళ్తే ఎఫ్‌ఐఆర్ అయింది, 2024 మేలో ఢిల్లీ కోర్టు అభియోగాలు నమోదు చేసింది, మైనర్ పేరున ఉన్న కేసును 2025లో మూసేసింది. ఒలింపిక్ పతకం ఉన్నవాళ్లే ఫుట్‌పాత్ మీద పడుకోవాల్సి వస్తే, కరీంనగర్‌లోనో కర్నూలులోనో హాస్టల్లో ఉండి కబడ్డీ ఆడే పద్నాలుగేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

క్రికెట్‌లో?

ఐపీఎల్ మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడికీ అవినీతి నిరోధం మీద క్లాసు తప్పనిసరి, డోపింగ్ మీద కూడా. బుకీ ఎలా పరిచయం చేసుకుంటాడు, గిఫ్టు ఎలా పంపుతాడు, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ విడమరిచి చెప్తారు. అంటే మనవాళ్లకు క్లాసు పెట్టడం చేతకాక కాదు.

2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కేఎల్ రాహుల్ ఒక టీవీ షోలో ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరుకు బోర్డు వాళ్లను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించింది, తర్వాత చెరో 20 లక్షల జరిమానా పడింది. జరిమానా కట్టారు, ఆటలోకొచ్చారు. ఆ మాటలకు నవ్వినవాళ్లకు ఏం నేర్పారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇదే క్రికెట్‌తో మంచి పని కూడా జరిగింది. నేను పైన చెప్పిన కోచ్ కార్డుల పద్ధతిని పరివర్తన్ అనే పేరుతో ముంబైలో స్కూలు క్రికెట్ కోచ్‌లకు, శివాజీనగర్ బస్తీ కుర్రాళ్లకు నేర్పారు. కార్డుల్లో అమెరికా ఫుట్‌బాల్ తీసేసి మన ఆట పెట్టారు, అంతే. హైదరాబాద్‌లో, విశాఖలో, గుంటూరులో వీధికో అకాడమీ ఉంది. ఫీజులో పెద్ద తేడా కూడా రాదు.

మా అమ్మాయిని అకాడమీలో వేశాం. ఏం అడగాలి?

మొహమాటపడకుండా అడగండి. కమిటీ ఉందా, సభ్యుల పేర్లు, నంబర్లు గోడ మీద ఉన్నాయా? పదిమంది కంటే తక్కువ స్టాఫ్ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు, అది వాళ్లకు తెలుసా? బయటి ఊరికి టోర్నమెంటుకెళ్తే ఆడ కోచో మేనేజరో తోడొస్తారా? 2022లో విదేశీ పర్యటనలో ఒక సైక్లిస్ట్ తన కోచ్ మీద ఫిర్యాదు చేశాకే, అమ్మాయిలున్న బృందంతో మహిళా కోచ్ తప్పనిసరి అని భారత క్రీడా ప్రాధికార సంస్థ సమాఖ్యలకు చెప్పింది. రాత్రిపూట కోచ్ పిల్లకి విడిగా మెసేజులు పెట్టకుండా, తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలన్న నియమం ఉందా? ఫిజియో గదిలో మూడో మనిషి ఉంటారా?

అబ్బాయిల తల్లిదండ్రులూ ఇవే అడగండి, వేధింపు వాళ్లకూ జరుగుతుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో పోక్సో చట్టం కింద తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. “అకాడమీ పేరు పాడవుతుంది, మనలో మనం చూసుకుందాం” అని ఎవరైనా అంటే ఆ మాటన్నవాళ్లకే శిక్ష పడొచ్చు.

మా జట్టులో ఒకతను ఇంట్లో భార్యను కొడుతున్నాడని తెలిసింది. నేనేం చేయగలను?

అందరి ముందూ నిలదీయకండి, ఆ కోపం ఇంటికెళ్లాక ఆమె మీద తీరుతుంది. ఆమె చెప్పిందని తెలిసేలా అసలే మాట్లాడకండి. ఒంటరిగా ఉన్నప్పుడు మీరు చూసినదాని గురించే మాట్లాడండి. “అన్నా, మొన్న పార్కింగ్‌లో నువ్వు వదిన చెయ్యి అలా మెలిపెట్టడం నేను చూశాను, నాకు నచ్చలేదు” అంటే చాలు. “ఏం, ఇంట్లో అంతా బానే ఉందా” అని చుట్టూ తిప్పితే వాడూ చుట్టూ తిప్పే సమాధానం చెప్తాడు. “మందులో ఉన్నా” అంటే, మందులో ఉన్నప్పుడు కోచ్‌ని ఎప్పుడైనా కొట్టావా అని అడగండి.

మీ భార్యకో అక్కకో ఆమెతో పరిచయం ఉంటే, విడిచిపెట్టెయ్ అని సలహాలివ్వకుండా, ఏ వేళకైనా ఫోన్ చెయ్యి అని చెప్పమనండి. గాయాల ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు మీ ఇంట్లో దాచి పెట్టగలిగితే అదే పెద్ద సాయం. 2005 గృహహింస చట్టం కింద ఆమె విడాకులు అడగకుండానే రక్షణ ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు, ఆ ఇల్లు భర్త పేరునో అత్తమామల పేరునో ఉన్నా అందులో ఉండే హక్కు కోరవచ్చు. జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, లాయరు సాయం ఒకేచోట దొరుకుతాయి.

ఆ క్షణంలో కొడుతున్నాడంటే 112. మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లలకైతే 1098. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. న్యూజెర్సీలో మానవి, హ్యూస్టన్‌లో దయ లాంటివి దక్షిణాసియా కుటుంబాల కోసమే పనిచేసే సంస్థలు. వీసా భర్త మీద ఆధారపడి ఉందని భయపడేవాళ్లు ముందు వాళ్లనే అడగండి, అలాంటి కేసులు వాళ్లు రోజూ చూస్తుంటారు.